మా లక్కపిడతల పేజీని కొన్నవాళ్ల మాటలతో తిరగరాశాను

ఏటికొప్పాక లక్కపిడతలు, అంటే పిల్లలు ఆడుకునే లక్కపూత చిన్న కర్ర వంటసామాను, ఆన్‌లైన్‌లో పెట్టాక రేటింగ్ బాగానే వచ్చింది గానీ రిటర్నులు ఆగలేదు. కారణం అడిగిన చోట ఎక్కువమంది 'వివరించినట్టు లేదు' అని నొక్కి వదిలేస్తారు. ఏది లేదో తెలియదు. అందుకని రివ్యూలు, కొనేముందు అడిగిన ప్రశ్నలు, మెసేజ్‌లు అన్నీ ఒక పుస్తకంలో వాళ్లు రాసినట్టే రాసుకున్నాను.

అయిదు స్టార్ల రివ్యూల్లో 'సూపర్' తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఒక్క స్టారువి చాలావరకు కొరియర్ మీద కోపం. నాకు బాగా పనికొచ్చినవి మూడు స్టార్లవి. నచ్చిందేమిటో, నచ్చనిదేమిటో ఓపిగ్గా చెప్పింది వాళ్లే.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన మాట 'ఫొటోలో పెద్దగా ఉన్నాయి' అని. కొలతలు పేజీలో ఉన్నాయి, కానీ కింద ఎక్కడో. ఫోన్‌లో చూసి కొనేవాళ్లు అంతదాకా రారు. మొదటి ఫొటోలో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, వస్తువు తప్ప ఇంకేమీ ఉండకూడదని ప్లాట్‌ఫామ్ నిబంధన. అందుకే రెండో ఫొటోలో పాప అరచేతిలో గిన్నె పెట్టి తీశాం. టైటిల్‌లోనే 'గిన్నె వెడల్పు 4 సెంటీమీటర్లు' అని చేర్చాను. ఆ తర్వాత సైజు గురించిన ఫిర్యాదులు దాదాపు పోయాయి.

తల్లులు అడిగే ప్రశ్న వేరు. 'పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఫర్వాలేదా? ఐఎస్ఐ గుర్తు లేదేం?' ఇది తేలిగ్గా తీసుకునే ప్రశ్న కాదు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేక తయారీ అని చెప్పే జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఇదంతా రాసి, దాని పక్కనే 'చిన్న ముక్కలు ఉంటాయి, మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వకండి' అని కూడా స్పష్టంగా పెట్టాను. అమ్మకం తగ్గినా సరే, ఆ వాక్యం తీయను.

వానాకాలంలో 'మూత బిగుసుకుపోయింది' అని మెసేజ్‌లు వచ్చాయి. బొమ్మలు చేసే బాబాయిని అడిగితే, "అంకుడు కర్ర కదమ్మా, తేమ తగిలితే ఉబ్బుతాది. లాగొద్దని చెప్పు, నీడలో గాలికి పెడితే సర్దుకుంటాది" అన్నారు. ఇంకొకావిడ వేడినీళ్లలో కడిగితే పైపూత జిగటగా అయిందని రాశారు. లేత్ మీద తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. అలాంటిది మరిగే నీళ్లకి ఆగుతుందా? తడిగుడ్డతో తుడవాలని, ఎండలో నిలిపిన కారులో వదలకూడదని ఇప్పుడు పేజీలోనూ, పెట్టెలో వేసే చీటీలోనూ ఉంది.

రంగుల విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేదు. 'ప్లాస్టిక్ వాటిలా మెరవట్లేదు, డల్‌గా ఉన్నాయి' అని కొందరన్నారు. గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసిన రంగులివి. వాళ్లకోసం బాబాయిని రసాయన రంగులు వాడమని అడగను. ఫొటోలు పగటి వెలుతురులో మళ్లీ తీయించి, 'సహజ రంగులు, ఒక్కో విడతకీ ఛాయ కొద్దిగా మారుతుంది' అని రాశాను. అది చదివి వద్దనుకునేవాళ్లు వెళ్లిపోతారు. నాకు అదే మేలు. వెనక్కి తిరిగొచ్చే పార్సిల్‌లో లక్క అంచులు పెచ్చులూడి వస్తుంటే చూడలేం.

ఈమధ్య పుస్తకంలో ఎక్కువగా చేరుతున్న ప్రశ్న ఇంకొకటి: 'తిరగలి పోయింది, అదొక్కటే పంపుతారా?' సెట్టు విడగొట్టి అమ్మడానికి బాబాయి సరేనన్నారు. తిరగలి, రోలు, బిందె విడివిడిగా ఫొటోలు తీయడం మొదలుపెట్టాం.