బెజాన్సన్‌లో పదమూడు వాల్ట్జ్‌లు

ఫ్రాన్సులో డీజాన్ నుంచి బెజాన్సన్‌కి రైల్లో గంట. స్టేషన్ గుట్ట మీద ఉంటుంది. దిగి, డూ నది వంతెన దాటి పాత ఊళ్లోకి వెళ్లాను. అందరూ పదిహేడో శతాబ్దపు సైనిక ఇంజనీరు వోబాన్ కట్టిన కోట కోసం వస్తారు. నేను కోర్టు కోసం వచ్చాను.

మున్సిపల్ భవనం వెనకున్న పాత కోర్టులో పార్లమెంటు హాలని ఒకటుంది (పార్లమెంటంటే అక్కడ ఒకప్పటి పెద్ద కోర్టు). 1950 సెప్టెంబర్ 16న రుమేనియా పియానిస్టు దీను లిపాట్టి చివరి కచేరీ చేసింది అక్కడే. 33 ఏళ్లు. హాడ్జ్‌కిన్స్ జబ్బు, ఒక రకం క్యాన్సర్. డాక్టర్లు వద్దన్నా వినలేదు. పోలిష్ స్వరకర్త షోపాన్ వాల్ట్జ్‌లు (నాట్యపు నడకలో సాగే పియానో రచనలు) 14 వాయించాల్సింది, 13 అయ్యాక ఓపిక లేకపోయింది. డిసెంబర్ 2న పోయాడు.

గుమ్మంలో బ్యాగులు చూసే ఆయన "కేసుందా?" అన్నాడు. హాలు చూడాలని వచ్చీరాని ఫ్రెంచిలో చెప్పాను. ఇవాళ కుదరదన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్లో లిపాట్టి ఫొటో చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. పేరు తెలీదట. "ఇంత చిన్నవాడా?" అన్నాడంతే.

చౌక్‌లో బెంచీ మీద కూర్చున్నాను. తొమ్మిది యూరోలు పోసి కొన్న శాండ్‌విచ్ ఎండు రొట్టెలా ఉంది, పక్కన పెట్టేసి ఆ కచేరీయే పెట్టుకున్నాను. ఫ్రెంచ్ రేడియో రికార్డింగ్ అది. జర్మన్ స్వరకర్త బాఖ్ రచన మొదలుపెట్టే ముందు లిపాట్టి వేళ్లు మీటల మీద ఊరికే కాసేపు తిరుగుతాయి, మన విద్వాంసులు శ్రుతి చూసుకున్నట్టు. నాకు ప్రాణం అక్కడే. మా తాతయ్య ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ప్లేట్లు పెట్టినప్పుడు, ముల్లు ఆనగానే వచ్చే గరగరకే చెయ్యెత్తి మమ్మల్ని నోరు మూయించేవాడు. ఫిడేలు ఇంకా మొదలే కాలేదు, అయినా మాట్లాడకూడదు.

ఎ-మైనర్ వాల్ట్జ్‌లో పాటని ఎడమ చెయ్యే ఎత్తుకుంటుంది. లిపాట్టి దాన్ని తొందరపెట్టడు, బతిమాలడు. జబ్బు మనిషి చెయ్యి అని ఎక్కడా అనిపించదు. ఆ నిబ్బరానికే నా గొంతు పట్టేసింది.

తిరుగు రైల్లో ఆ మిగిలిపోయిన వాల్ట్జ్ వెతికాను. అదే ఏడాది జులైలో జెనీవాలో ఆయన మొత్తం 14 రికార్డు చేశాడు, అందులో ఉంది. పెట్టి, నాలుగు క్షణాలకే ఆపేశాను. బెజాన్సన్ ఇంకా కిటికీలో కనిపిస్తూనే ఉంది.