మూసేసిన బాయిలో రెండు తలుపులు

గోదావరిఖనిలో మూసేసిన బొగ్గు గని చూడటానికి బస్సులో వెళ్లాం, గనిని అక్కడ బాయి అంటారు. సికింద్రాబాద్ జేబీఎస్ నుంచి అక్కడి దాకా రాజీవ్ రహదారి గురించి కొత్తగా రాసేదేముంది! సిద్దిపేట దాకా నిద్ర, కరీంనగర్ దాటాక చాయ్. బొటనవేలంత గ్లాసుకు ముప్పై రూపాయలు.

బాయి దగ్గర ల్యాంపు రూమ్‌లోనే గంట పోయింది. విసుక్కున్నవాళ్లున్నారు గానీ, అది పోవలసిన గంటే. బొగ్గు తీయడం ఆగింది కానీ అంటుకునే మీథేన్ గ్యాసు ఊరడం ఆగదు. ఫోన్, బీడీ, అగ్గిపెట్టె అన్నీ పైనే. ఇత్తడి బిళ్ల ఇస్తేనే టోపీ లైటు. గంబూట్లకు సరైన సైజు దొరకదు, మందపాటి సాక్సులు రెండు జతలు తెచ్చుకుంటే మడమ ఒరుసుకోదు.

నడుముకు కట్టిన డబ్బా సంగతి ఎవరూ సరిగా వినలేదు. అది సెల్ఫ్ రెస్క్యూయర్, విషపు గాలిలో ఊపిరి కాపాడే పరికరం. మాకిచ్చింది వడపోత రకం. పొగ కమ్మితే మూత లాగి, గొట్టం పళ్లతో కరిచిపట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టాలి. లోపలి రసాయనం విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పనిలో వేడి పుట్టి, పీల్చే గాలికి నోరు మండుతుంది. డబ్బా పాడైందనుకుని ఊడబీకేది అప్పుడే. వేడెక్కిందంటే బయట విషం ఉందని, డబ్బా పనిచేస్తోందని లెక్క. ఇది ఆక్సిజన్ పుట్టించదు, అది లేనిచోట నోట్లో ఉన్నా దండగే.

లోపల వరసగా రెండు తలుపులు. అందరం మొదటిది దాటి, అది మూసుకున్నాకే రెండోది తీయాలి. ఒకాయన వెనకవాళ్లకు వీలుగా ఉంటుందని మొదటిదానికి రాయి అడ్డం పెట్టాడు. గైడు రిటైరైన ఓవర్‌మన్, అంటే బాయి లోపలి పనిని పర్యవేక్షించినవాడు. "అది మూస్తేనే ఇది తీస్త సారూ. రెండూ తెరిస్తె గాలి దగ్గరి తోవ పట్టి ఫ్యాను దిక్కు పోతది, ముందటికి రాదు" అన్నాడు. ముందుకు గాలి రాకపోతే తేలికైన మీథేన్ పైకప్పులోని గుంతల్లో పేరుకుంటుంది.

నల్లటి గోడలు చూద్దామని దిగితే అంతా తెలుపే. సున్నపురాయి పొడి చల్లుతారు, బొగ్గు దుమ్ము అంటుకుని మంట పరుగెత్తకుండా. గ్యాలరీ, అంటే బొగ్గు తవ్విన సొరంగ దారి, వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటకూడదని నియమం. ఎక్కువ వెడల్పు తవ్వితే కప్పు వంగుతుంది. దాన్ని గైడు ఇనుప తొడుగు కర్రతో తట్టాడు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే పొర విడిపోయిందని అర్థం. గోల్కొండలో మనం చప్పట్లు కొట్టేది బాలాహిసార్‌లో వినపడుతుందా లేదా అన్న సరదాకి. ఇక్కడ ఆ చప్పుడు నచ్చకపోతే అడుగు ముందుకు వేయరు.

ఎక్కడం దిగినంత తేలిక కాదు. ఇంక్లైన్ అనే ఏటవాలు దారిలో ఏకబిగిన ఎక్కాలని చూసినవాళ్లే ముందు కూలబడ్డారు. యాభై అడుగులకోసారి ఆగుతూ వస్తే చాలు.

పైకి వచ్చాక ఒకరు లైటు అప్పగించకుండానే వెళ్లి బస్సులో కూర్చున్నారు. లైటు తిరిగిచ్చినవాళ్ల ఇత్తడి బిళ్లలు తీసేస్తే బోర్డు మీద ఒక బిళ్ల మిగిలిపోయింది. అది మిగిలితే మనిషి లోపలే ఉన్నట్టు. గైడు మళ్లీ టోపీ పెట్టుకున్నాడు. లైటు దొరికి లెక్క తేలేసరికి నలభై నిమిషాలు.