బెడ్నర్‌ని అప్పుడు ఎందుకు తీశాడంటే

అమెరికాలో మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టు అభిమానులతో ఓ ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, ఎవరో ఒకరు 2021 కాలేజీ ఫైనల్ ఎత్తుకుంటారు. స్టార్క్‌విల్‌లో, జట్టు మైదానమైన డ్యూడీ నోబుల్ ఫీల్డ్‌లో, అభిమానులు కూర్చునే లెఫ్ట్ ఫీల్డ్ లాంజ్‌లో, గ్రిల్ మీద మాంసం తిప్పుతూ ఓ పెద్దాయన నన్నూ పట్టుకున్నాడు. "బెడ్నర్ ఆరు ఇన్నింగ్స్ వేసి, ఒక్క హిట్ ఇవ్వలేదు. అలాంటివాణ్ని తీసేస్తారా?"

తీసేస్తారండీ! (హిట్ అంటే బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం.) పిచర్, అంటే బంతి విసిరేవాడు, విల్ బెడ్నర్ టెక్సాస్ జట్టు మీద ఆడాక మూడు రోజులే విశ్రాంతి తీసుకుని, ఫైనల్లో వాండర్‌బిల్ట్ మీద మళ్లీ బంతి పట్టాడు. జట్టు బుల్‌పెన్‌లో, అంటే తర్వాత దిగే పిచర్లు సిద్ధమయ్యే చోట, లాండన్ సిమ్స్ ఉన్నాడు. కోచ్ లెమోనిస్ ఏడో ఇన్నింగ్స్ నుంచి అతనికి బంతిచ్చాడు. 9-0తో గెలిచారు, వాండర్‌బిల్ట్‌కి మ్యాచ్ మొత్తంలో దక్కింది ఒకే ఒక్క హిట్. ఇంకేం కావాలి?

క్రికెట్‌లో బౌలర్‌ని లాంగాన్‌కి పంపి, ఇంకో స్పెల్‌కి పిలవొచ్చు. ఇక్కడ ఆటలోంచి తప్పించిన పిచర్ ఇక తిరిగి రాడు. అందుకే ఇంత టెన్షన్. పైగా ప్రొఫెషనల్ మేజర్ లీగ్‌లో 2020 నుంచి రిలీవర్ (మధ్యలో దిగే పిచర్) మామూలుగా కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి. కాలేజీలో ఆ నిబంధన లేదు, ఒక్క లెఫ్టీ బ్యాటర్ కోసం ఒక్క పిచర్‌ని దింపేయొచ్చు. శుక్ర, శని, ఆదివారాల సిరీస్‌లో మొదటి రోజే క్లోజర్‌ని (మ్యాచ్ చివర్లో ముగించే పిచర్‌ని) వాడేస్తే ఆదివారం ఎవరు? నేనైతే శుక్రవారమే వాడతాను. పెద్దాయన ఒప్పుకోలేదు, కానీ సాసేజ్ మాత్రం పెట్టాడు.