మార్లవాయి ఫోటోల కోసం రస్సెల్ స్క్వేర్‌కి

మన అడవుల్లో 1940ల నాడు తీసిన ఫోటోలు లండన్‌లో చూడాలంటే, హీత్రో ఎయిర్‌పోర్టులో పికడిల్లీ లైన్ మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా రస్సెల్ స్క్వేర్‌లో దిగొచ్చు. సుమారు గంట ప్రయాణం, దాదాపు 6 పౌండ్లు. పాడింగ్టన్ స్టేషన్‌కి పావుగంటలో పోయే రైలుకి మామూలుగా సుమారు పాతిక పౌండ్లు, పైగా అక్కడ దిగి మళ్ళీ మారాలి. రస్సెల్ స్క్వేర్‌లో పైకి రావడానికి లిఫ్టు కోసం ఆగడమే మేలు. మెట్లు 170కి పైనే ఉన్నాయి, అన్నీ సుడి తిరిగేవే.

అక్కడికి నాలుగడుగుల్లో లండన్ యూనివర్సిటీ వాళ్ళ సోయాస్ కాలేజీ లైబ్రరీ. గిరిజనుల మధ్య ఉండి వాళ్ళ జీవితం రాసిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఫోటోలు, ఫిల్ములు, డైరీలు ఉన్నది ఇక్కడే. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆ వియన్నా మనిషి చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశం వాడని బ్రిటిష్ వాళ్ళు హైదరాబాద్ రాజ్యం దాటొద్దన్నారు. అలా నల్లమల చెంచులు, పాపికొండల కొండరెడ్లు, 1940లో కొమురం భీం నేలకొరిగాక మార్లవాయి లాంటి ఊళ్ళలోని ఆదిలాబాద్ గోండులు ఆయన కెమెరాలోకి వచ్చారు. మన అడవుల్లో తీసిన ముఖాలు చూడ్డానికి వీసా, టికెట్టు, లండన్ గది అద్దె కావాలా అని కోపం వస్తుంది. ఆ కోపం రావాల్సిందే.

అయితే సగం పని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫోటోలు చాలావరకు సోయాస్ డిజిటల్ సేకరణలో ఉన్నాయి. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు. ఆసిఫాబాద్ కొత్త జిల్లా అయింది 2016లో, ఫోటోల వివరాలు అంతకు చాలా ముందే రాసినవి. తెగ పేరు, ఊరి పేరు, పాత ఇంగ్లీషు స్పెల్లింగు మార్చి మార్చి కొట్టాలి. కొండరెడ్లు ‘హిల్ రెడ్డి’ కింద కూడా దొరకొచ్చు. స్కాన్ కాని డైరీలు, నోట్సుల కోసమే లండన్ వెళ్ళాలి. ఆయన కాగితాల గుర్తు పీపీ ఎంఎస్ 19. దాని కింద ఫైలు నెంబర్లు రాసుకుని ముందే ఈమెయిల్ పెట్టాలి. చెప్పకుండా వెళ్తే పెట్టె బయటికి రాదు.

లోపలికి పెన్సిలే, పెన్ను కుదరదు. బ్యాగు లాకర్‌లో పెట్టాలి. ఒకసారికి ఒకే ఫైలు, అందులో కాగితాల వరస చెదరకూడదు. వరస తప్పిందంటే ఏ ఫోటో ఏ ఊరిదో చెప్పే ఆధారం పోతుంది. ప్రింటుని అంచుల దగ్గరే పట్టుకోవాలి. వేలి జిడ్డు తగిలితే వెండి పొర మీద ఆ ముద్ర ఏళ్ళ తర్వాత తేలుతుంది. నెగటివ్‌లకి నైట్రైల్ అనే పల్చటి రబ్బరు గ్లవ్స్ వేసుకోవాలి. నూలు గ్లవ్స్ జారతాయి, పోగులూ రాలుస్తాయి. బొమ్మ కన్నా ముందు వెనక వైపు చూడాలి. అక్కడ పెన్సిల్‌తో వేసిన నెంబరు, తేదీ ఉంటే వాటిని డైరీలో అదే రోజుతో కలిపి చదవాలి. ‘గోండు స్త్రీ’ అన్న మొండి శీర్షిక వెనక ఊరూ పండగా బయటపడేది అప్పుడే.

ఫిల్ములు 16 ఎం.ఎం.వి. అసలు రీలు అడగకండి, డిజిటల్ కాపీయే చూడాలి. ప్రొజెక్టర్‌లో తిప్పిన ప్రతిసారీ అంచు రంధ్రాలు చిరుగుతాయి. ఆ ఫిల్ము చేసిన ఎసిటేట్ ప్లాస్టిక్ పాతబడితే వెనిగర్ వాసన వేసి కుంచించుకుపోతుంది, పక్క రీళ్ళకీ ఆ ఆమ్లం అంటుకుంటుంది. మూకీ ఫిల్ములో మనుషులు పరుగెడుతున్నట్టు కనిపిస్తే అది వేగం తేడా. సెకనుకి 16 ఫ్రేములతో తీసిన 100 అడుగుల రీలు 4 నిమిషాల పైచిలుకు నడవాలి. 24 ఫ్రేములతో వేస్తే 3 నిమిషాల్లోపే అయిపోతుంది. గోండుల దండారీ నాట్యంలో అడుగుని అలా చూసి లెక్కేస్తే తప్పే.

మధ్యాహ్నం శాండ్‌విచ్‌కి ఐదు పౌండ్లు పెట్టడానికి మనసొప్పలేదు. క్లాసులు జరిగే రోజుల్లో సోయాస్ బయట హరేకృష్ణ వాళ్ళు వేడన్నం, పప్పు వడ్డిస్తారు, డబ్బు అడగరు. వరస పొడుగే గానీ చకచకా కదులుతుంది. ఎవరు, ఏ దేశం అని ఆరా లేదు. ఆ ఊళ్ళో అంత వేడి పప్పు తినడం పెద్ద ఊరట. ఒంటిగంట దాటితే గిన్నె అడుగంటుతుంది, తొందరగా వెళ్ళండి.

ఫోన్‌తో ఫోటో తీసుకోవాలంటే కాపీరైటు ఫారం నింపాలి, ఫ్లాష్ వద్దు. ప్రతి ఫోటోలో ఫైలు నెంబరున్న రిఫరెన్స్ చీటీ కూడా పడేలా తీయండి. అచ్చుకి వాడాలంటే అనుమతి వేరు, రుసుమూ వేరు.

హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ సమాధి జైనూరు మండలం మార్లవాయిలోనే ఉంది. ఉట్నూరు మీదుగా ఆ ఊరు వెళ్ళేవాళ్ళు ఆన్‌లైన్ ఫోటోల ప్రింట్లు, కింద నెంబరు రాసి పట్టుకెళ్ళండి. పెద్దవాళ్ళు ఎవరినైనా గుర్తుపడితే ఆ పేరు ఆ నెంబరుతో సహా సోయాస్‌కి రాయండి.