మూడవ గడి మళ్లీ నల్లబడింది: మూలకాల పట్టిక పురోగతి

ఆవర్తన పట్టిక ఆకారంలో, అసలైన మూలకాల నమూనాలతో నేను కడుతున్న చట్రంలో ఈ విడత బిస్మత్ స్ఫటికాలు, యాంప్యూల్‌లో (మూతి కరిగించి మూసే గాజు గొట్టంలో) మూసిన అయొడిన్, గాలియం తమ తమ గడుల్లో కుదురుకున్నాయి. సోడియం కూడా నూనె అడుగున నిలకడగా ఉంది. మూడవ గడిలోని లిథియం మాత్రం వారం తిరగకముందే మళ్లీ నల్లబడింది. కోసినప్పుడు వెండిలా మెరిసిన ముక్క ఇలా మారడం చూస్తే నిజంగా బాధ కలుగుతోంది.

చిక్కంతా సాంద్రతలో ఉంది. ఘన సెంటీమీటరుకు సోడియం 0.97 గ్రాములు, పొటాషియం 0.86 గ్రాములు తూగుతాయి, లిథియం 0.534 గ్రాములే. గ్రూపులో, అంటే పట్టికలోని ఒకే నిలువు వరుసలో, కిందికి దిగేకొద్దీ సాంద్రత పెరగాలి గాని, పొటాషియం దగ్గర ఆ వరుస తప్పుతుంది. సోడియం నుంచి పొటాషియంకు పరమాణు భారం 1.7 రెట్లు పెరిగితే, ఒక మోల్ (అంటే అదే సంఖ్యలో పరమాణువులున్న) లోహం ఆక్రమించే చోటు 1.9 రెట్లు పెరగడమే అందుకు కారణం. గది ఉష్ణోగ్రత వద్ద ఘనరూపంలో ఉండే మూలకాల్లో అన్నిటికన్నా తేలికైనది లిథియం. అందుకే 0.85 సాంద్రత గల లిక్విడ్ పారఫిన్‌లో వేస్తే ముక్కలో 63 శాతమే మునుగుతుంది, మిగిలిన 37 శాతం గాలిలో ఉంటుంది. 0.66 సాంద్రత గల హెక్సేన్‌లో కూడా 81 శాతానికి మించి మునగదు.

పైన గాలి మిగలకుండా 20 మిల్లీలీటర్ల సీసాను అంచు వరకు నింపి, టెఫ్లాన్ పొర ఉన్న మూత బిగించాను. అయినా నలుపు సరిగ్గా మూత కిందనే మొదలైంది. నా అంచనా ఇది: ఇలాంటి నూనె ఒక డిగ్రీకి సుమారు 0.0007 వంతు వ్యాకోచిస్తుంది కనుక, పగటికీ రాత్రికీ 10 డిగ్రీల తేడా ఉంటే 20 మిల్లీలీటర్లలో 0.14 మిల్లీలీటర్ల మార్పు వస్తుంది. వేడికి నూనె మరల సందుల్లోంచి చెమర్చి, చల్లబడినప్పుడు అంతే గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ బుడగ పైకి చేరి, తేలుతున్న లిథియం పక్కనే నిలుస్తుంది.

తరువాత స్టీలు వలతో ముక్కను నూనెలోకి అదిమి ఉంచాను. నలుపు నెమ్మదించింది గాని ఆగలేదు. ఈసారి పైభాగాన కాక ఒళ్లంతా సమంగా పట్టింది. నూనెలో కరిగి ఉన్న గాలి, తేమ ఇందుకు కారణమై ఉండాలి. తేమను పీల్చుకునే సన్నని రంధ్రాల గుళికలు, మూడు ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్, వేసి నూనెను ఆరబెట్టినప్పుడు కొంత మేలు కనిపించినా, సీవ్ తేమను తీసినంత బాగా కరిగిన నత్రజనిని తీయలేదు.

ఆ నలుపు ఏమిటో తేల్చుకోవడానికి గీకిన పొడిపై నీటి చుక్క వేసి, తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని తాకించకుండా పైన పట్టుకున్నాను. కాగితం నీలంగా మారింది, అమ్మోనియా వాసన కూడా వచ్చింది. లిథియం హైడ్రాక్సైడ్‌కు గాలిలోకి లేచే గుణం లేదు, నీరు తగిలితే అమ్మోనియా ఇచ్చేది లిథియం, నత్రజని కలిసిన లిథియం నైట్రైడ్; కనుక పొరలో అది ఉన్నట్టే. గది ఉష్ణోగ్రత వద్దనే నత్రజనితో నేరుగా కలిసే క్షార లోహం (మొదటి గ్రూపు లోహం) లిథియం ఒక్కటే. ఈ విషయంలో అది తన కింది సోడియంను కాక, ఐమూలగా ఉన్న మెగ్నీషియంను పోలుతుంది. వేడిచేస్తే మెగ్నీషియం కూడా నైట్రైడ్ ఇస్తుంది. పాఠాల్లో కర్ణ సంబంధం అని చదివి వదిలేసే ఈ పోలికకు ఇంత ఆచరణాత్మకమైన పర్యవసానం ఉంటుందని నేను ఊహించలేదు.

అందువల్ల నత్రజని నింపిన సంచిలో లిథియంను సర్దడం నా దృష్టిలో వృథా శ్రమ; దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు తప్ప మార్గం లేదు. పారఫిన్ మైనంలో చుట్టిపెట్టే పాత పద్ధతి నిల్వకు మంచిదే గాని, మెరుపు కనబడని నమూనా ప్రదర్శనకు పనికిరాదు. మర మూత సీసాలను మొదటి గ్రూపు లోహాలన్నిటికీ మానేయడమే మేలని కూడా ఇప్పుడు నమ్ముతున్నాను.

ఇక బోరోసిలికేట్ యాంప్యూల్‌లో ఆర్గాన్ నింపి, మంటతో మూతి కరిగించి మూస్తాను. లిథియం 180.5 డిగ్రీల వద్ద కరుగుతుంది, కరిగితే గాజును తినేస్తుంది; కాబట్టి మెడ పొడవుగా ఉండే యాంప్యూల్ తీసుకుని, అడుగును చల్లగా ఉంచాలి. 99.99 శాతం ఆర్గాన్‌లోని మలినాల కన్నా, ఖాళీ చేసేటప్పుడు మిగిలిపోయే గాలే నాకు ఎక్కువ భయం. అందుకే తాజాగా కోసిన చిన్న లిథియం తునకను లోపల వేరుగా ఉంచాలనుకుంటున్నాను. ఆ కొద్దిపాటి నత్రజనిలో కొంత భాగాన్నయినా అది తీసుకుంటుంది. ఈ పద్ధతి ఫలిస్తే తరువాతి వంతు యూరోపియంది. లాంథనైడ్లలో (పట్టిక అడుగున విడిగా చూపే లోహాల వరుసలో) అన్నిటికన్నా చురుకైన ఆ లోహం కూడా గాలిలో త్వరగా పాడవుతుంది కనుక, దానికి కూడా ఇదే రకం యాంప్యూల్ సిద్ధం చేస్తున్నాను.