రెండో గోడ దగ్గర పోయిన పరువు

నిన్న మాస్టర్స్ మీట్‌లో, అంటే పెద్దవాళ్ల ఈత పోటీలో, 200 మీటర్ల ఐఎమ్ (ఇండివిడ్యువల్ మెడ్లీ, ఒకే రేసులో నాలుగు రకాల ఈత) ఈదాను. 3 నిమిషాల 24 సెకన్లు. ఎనిమిది మందిలో ఆరోవాణ్ణి. దీనికి స్వీట్లు పంచడమేంటని మా బావమరిది నవ్వాడు. పోయినసారి నా పేరు పక్కన టైమే లేదు, ‘డీక్యూ’ అని మాత్రం ఉంది, అంటే రూలు తప్పినందుకు లెక్కలోంచి తీసేశారని. ఆ సంగతి వాడికేం తెలుసు!

నాకు నలభై రెండేళ్లు. బెజవాడ బందరు కాలవలో, వీపుకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చినవాణ్ణి. కప్ప ఈత, వెల్లకిల ఈత అక్కడే వచ్చేశాయి. ఫ్రీస్టైల్ తర్వాత దిద్దుకున్నాను. రెండు చేతులూ ఒకేసారి విసిరే బటర్‌ఫ్లైకి రెండు నెలలు పట్టింది, భుజాలు పీకాయి, వచ్చింది. కాలవకి ఎదురీదినవాడికి స్విమ్మింగ్ పూల్ ఒక లెక్కా అనుకున్నాను.

మా కోచ్ మంచాయనే. కానీ ఆయన దగ్గర ఏ రోగానికైనా ఒకటే మందు: 200 ఐఎమ్ ఆరుసార్లు. సోమవారం అదే, శనివారం అదే. బటర్‌ఫ్లై, బ్యాక్ (వెల్లకిల ఈత), బ్రెస్ట్ (కప్ప ఈత), ఫ్రీ, ఇదే వరస. మూడోసారికే బటర్‌ఫ్లై చచ్చిపోయేది, మిగతాదంతా మొక్కుబడి. పైగా మాది 25 మీటర్ల పూల్. అసలు కొంప ముంచింది అదే.

25 మీటర్ల పూల్లో బ్యాక్ 50 ఈదితే మధ్యలో ఒక మామూలు బ్యాక్ టర్న్ వస్తుంది. అక్కడ గోడ దగ్గరికొచ్చాక బోర్లా తిరిగి, ఒక చేత్తో నీళ్లు లాగి, పల్టీ కొట్టొచ్చు. రూలు ఒప్పుకుంటుంది. బ్యాక్ నుంచి బ్రెస్ట్‌కి మారే గోడ దగ్గర మాత్రం ఆ పప్పులుడకవు. వెల్లకిలా ఉండగానే గోడ తగలాలి, ఆ తర్వాతే తిరగడం. ఈ తేడా నాకు తెలుసు. నా ఒంటికే తెలీదు.

డీక్యూ వచ్చిన ఆ మీట్ 50 మీటర్ల పూల్లో జరిగింది. అక్కడ బ్యాక్‌లో వచ్చే మొదటి గోడే మారే గోడ. ఒళ్లు అలవాటు కొద్దీ బోర్లా తిరిగేసింది. తప్పని జడ్జి చెయ్యెత్తిందట, నేను చూడలేదు. మిగిలిన వంద మీటర్లూ ప్రాణం పెట్టి ఈది, ఒడ్డెక్కి, మా మావగారికి వీడియో కాల్ చేసి మరీ చేతులూపాను. పావుగంటకి గోడ మీద ఫలితాల కాగితం అంటించారు, నా పేరు పక్కన డీక్యూ. వెళ్లి టేబుల్ దగ్గర గొడవ పెట్టుకున్నాను. రెఫరీ గారు లేచి, నలుగురి ముందూ చేతులు వెనక్కి చాపి, నేను ఎలా బోర్లా పడ్డానో చేసి చూపించారు. క్యూలో ఉన్న పన్నెండేళ్ల పిల్ల, "అంకుల్, మీరు కొట్టింది బ్యాక్ టర్న్. ఐఎమ్ టర్న్ కాదు" అంది. ఆ అమ్మాయి అన్నందుకు కాదు, నిజమే అన్నందుకు సిగ్గేసింది.

గోడకి ఐదు మీటర్ల ముందు పైన జెండాలు కట్టాలి. వెల్లకిలా ఈదేవాడు వాటిని చూసే స్ట్రోకులు లెక్కపెట్టుకుంటాడు. మా పూల్ వాళ్లు ఆగస్టు 15కి గేటు నిండా జెండాలు కడతారు గానీ నీళ్ల మీద తాడు కట్టమంటే బడ్జెట్ లేదంటారు. మా ఆవిడ పాత చీర చింపి నేనే కట్టుకున్నాను. వాచ్‌మన్ "పెళ్లాండీ?" అన్నాడు.

ఇక కోచ్‌తో దెబ్బలాడి, టిఫిన్ డబ్బాలో చీట్లు వేశాను. పొద్దున్నే తీసిన చీటీయే ఆ రోజు పాఠం. ఒకదాంట్లో యాభైలు ఎనిమిది, ప్రతి యాభైలో సగం బ్యాక్, సగం బ్రెస్ట్. ఒకదాంట్లో తిరగేసిన ఐఎమ్: ఫ్రీతో మొదలుపెట్టి బటర్‌ఫ్లైతో చావడం. ఇంకోదాంట్లో చేతులు బ్రెస్ట్‌వి, కాళ్లు డాల్ఫిన్ కిక్ (బటర్‌ఫ్లైలో లాగా రెండు కాళ్లూ కలిపి కొట్టడం). నాకు పనికొచ్చిన చీటీ మాత్రం ఒక్కటే. 15 మీటర్ల నుంచి బ్యాక్‌లో రావడం, గోడ తాకడం, బ్రెస్ట్‌లో వెళ్లడం, ఇరవై సార్లు. లేన్‌లో జనం ఉన్నప్పుడు బటర్‌ఫ్లై చీటీ తీయకండి. ఒకాయన కళ్లజోడు పగిలింది, డబ్బులు నేనే కట్టాను.

2023లో జపాన్‌లోని ఫుకువోకాలో ఫ్రాన్స్ ఈతగాడు లియోన్ మర్షాన్ 400 ఐఎమ్‌ని 4:02.50కి ఈది అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ 2008 నాటి ప్రపంచ రికార్డు కొట్టాడు కదా, ఆ వీడియో మా కోచ్‌కి చూపించి గోడల దగ్గర ఆపాను. ప్రతి గోడ తర్వాతా నీళ్లలోపల ఎంతసేపుంటాడో చూడండి అన్నాను. ఆయన "చేతులు చూడవయ్యా" అన్నాడు.

నిన్న జెండాల కింద నుంచి లెక్కపెట్టాను. నాకు ఐదు స్ట్రోకులు. టెన్షన్‌లో గట్టిగా లాగానేమో, నాలుగున్నరకే గోడ వచ్చేసింది. చెయ్యీ తలా ఒకేసారి తగిలాయి. రెండూ వెల్లకిలానే తగిలాయి. సాయంత్రం మా ఆవిడ బొప్పి మీద ఐస్ పెడుతూ, "ఇది కూడా రూల్లో ఉందా?" అంది.