మసి పలికిన స్వరం: కాంతితో పుట్టే అల్ట్రాసౌండ్

1880లో అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆయన సహచరుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ కాంతి మీదుగా మాటలను పంపే ఫోటోఫోన్ కోసం కృషి చేస్తూ, చీలికలున్న చక్రాన్ని వేగంగా తిప్పి ఎండను తునకలుగా ఒక వస్తువు మీద పడనిస్తే ఆ వస్తువు సన్నగా పలుకుతుందని గమనించారు. తరువాత పరీక్షించిన పదార్థాలలో దీపపు మసి ఎంతో బిగ్గరగా పలికింది. వైద్యుల చేతికి ఆ కిటుకు అందడానికి లేజర్లూ కంప్యూటర్లూ రావలసి వచ్చింది.

నేడు ఎండకు బదులు కొన్ని నానోసెకన్ల (నానోసెకను అంటే సెకనులో వందకోట్లో వంతు) లేజర్ మెరుపును చర్మం మీదికి పంపుతారు. నెత్తురులోని హీమోగ్లోబిన్ దానిని పీల్చుకుని డిగ్రీలో వెయ్యో వంతు వేడెక్కినా చాలు, ఆ చోటు చటుక్కున వ్యాకోచించి సుమారు 800 పాస్కళ్ల ఒత్తిడి పుడుతుంది, అది అల్ట్రాసౌండ్‌గా బయటికి వస్తుంది. మామూలు స్కానింగ్‌లో ధ్వని లోపలికి వెళ్లి తిరిగి రావాలి. ఇక్కడ రావడం మాత్రమే ఉంటుంది. ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు నుంచి రావడానికి దాదాపు 10 మైక్రోసెకన్లు పడుతుంది. కాంతి కణజాలంలో మిల్లీమీటరు దాటగానే చెదిరిపోతుంది కాబట్టి దానితో లోతైన బొమ్మ తీయలేము; ధ్వని అంతగా చెదరదు. అందుకే 2003లో లిహాంగ్ వాంగ్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుక పుర్రె తెరవకుండానే మెదడులోని రక్తనాళాలను చిత్రించగలిగింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రంగుల సంగతి. కాంతి రంగును దాని తరంగదైర్ఘ్యంతో చెబుతారు: 750 నానోమీటర్ల దగ్గర ఆక్సిజన్ లేని నెత్తురు, 850 దగ్గర ఆక్సిజన్ ఉన్న నెత్తురు ఎక్కువ కాంతిని పీలుస్తాయి కనుక, రెండు మెరుపులను పోల్చి ఒక గడ్డ ఎంత ఆక్సిజన్‌ను వాడుకుంటున్నదో అంచనా వేయవచ్చు. రొమ్ములోని గడ్డలను పరీక్షించేందుకు ఇలాంటి యంత్రానికి 2021 జనవరిలో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లభించింది. అయితే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా కాంతిని పీలుస్తుంది, కనుక నల్లని చర్మం కిందికి తక్కువ వెలుతురు చేరి కొలత తప్పే అవకాశముంది. మన దేశంలో ఈ యంత్రాలను వాడేవారు మొదట అడగవలసిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

చికిత్స దగ్గరికి వస్తే మళ్లీ మసిలోని కార్బనే. మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో పుటాకార కటకానికి కార్బన్ నానోట్యూబులు (అతి సన్నని కార్బన్ గొట్టాలు) కలిపిన రబ్బరులాంటి పూత వేసి, వెనుక నుంచి లేజర్ కొట్టి, వెంట్రుక మందమంత బిందువు దగ్గర 50 మెగాపాస్కళ్లకు మించిన ఒత్తిడిని పుట్టించారు. దానితో గట్టి పదార్థాన్ని చిట్లగొట్టారు, పక్క కణాలను కదపకుండా ఒక్క కణాన్ని పెకలించారు. కొన్ని ప్రయోగశాలలలో ఇదే పూతకు కొవ్వొత్తి మసినీ వాడుతున్నారు. ఆ బిందువు కటకానికి కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే ఏర్పడుతుంది కనుక, లోతైన అవయవాలకు వాడాలంటే కటకాన్ని గొట్టం ద్వారా దగ్గరికి చేర్చవలసి ఉంటుంది.